అత్తయ్యగారి చేపలూ, కొల్లేటి నీళ్ళూ

మా అత్తయ్యగారు చేపల్ని ప్రేమతో చంపబోయారు. ఈ మాట ఆవిడ చదువుతారని తెలిసే రాస్తున్నాను. చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "బాగానే రాశావు గాని అమ్మాయ్, చంపింది నేను కాదు, పోయిన కరెంటు" అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ కరెంటు అపరాధం ఎంత, మేత డబ్బా అపరాధం ఎంత అని తేల్చుకోబోయి నేను ఎక్కడెక్కడికో వెళ్ళవలసి వచ్చింది. హాంబర్గు వెళ్ళాను, సిసిలీ వెళ్ళాను, కెనడా అడవుల్లోకి వెళ్ళాను. చివరికి తిరిగి తిరిగి అత్తయ్యగారి పుట్టింటి ఊళ్ళోనే తేలాను. అదంతా పుస్తకాల్లోనే లెండి, టిక్కెట్టు ఖర్చు లేకుండా.

మామయ్యగారు పోయాక ఆవిడ కైకలూరు దగ్గర పల్లె వదిలి విజయవాడలో మా దగ్గరికి వచ్చేశారు. వచ్చారు గాని ఇక్కడ ఆవిడకేం తోస్తుంది? మావారు ఆఫీసుకి, మా అమ్మాయి ఇంటర్మీడియెట్ కాలేజీకి, నేనేమో గది తలుపులు వేసుకుని నా నవల్లో నాయికకి పెళ్ళి చేయాలా వద్దా అన్న మీమాంసలో. మూడో అంతస్తులో అరుగు లేదు. అరుగు మీద కూచుంటే పలకరించి పోయే మనుషులు లేరు. అది గమనించి మావారు ఒకనాడు అరవై లీటర్ల అద్దాల తొట్టి, నాలుగు బంగారు చేపలు, బుడగలు వదిలే చిన్న మోటారు, ఒక మేత డబ్బా తెచ్చి హాల్లో పెట్టారు.

వారం తిరక్కుండా చేపలకి పేర్లొచ్చాయి. చిట్టెమ్మ, బుల్లెమ్మ, పెదబాబు, చినబాబు. పేర్లు వచ్చాయంటే బంధుత్వం వచ్చినట్టే. బంధుత్వం కలిస్తే మన ఇళ్ళల్లో మొదట జరిగేది ఏమిటో మీకు వేరే చెప్పాలా? భోజనం పెట్టడం! పొద్దున్నే ఒక చెంచా, పదింటికి ఒక చిటికెడు, మధ్యాహ్నం తాను తినబోయే ముందు ఒక చెంచా, సాయంత్రం దీపం పెట్టాక మరో చెంచా.

"అంత వేయకండి అత్తయ్యా" అంటే, "అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తోందమ్మాయ్, ఆకలి కాకపోతే ఎందుకు తెరుస్తుంది?" అనేవారు. బంగారు చేపకి మనకున్నట్టు అన్నకోశం వుండదట, అంతా పేగే. అందుకని ఎప్పుడు చూసినా ఏదో దేవులాడుతూనే వుంటుంది. అద్దం అవతల నోరు తెరిచే చేప, ఇవతల చెంచా పట్టుకున్న నాన్నమ్మ. ఇక అడ్డేమిటి?

రెండు నెలలకి తొట్టి గోడలు పచ్చబడ్డాయి. మూడో నెలకి నీళ్ళే పచ్చబడ్డాయి. అద్దం తుడిస్తే నాలుగు రోజులకి మళ్ళీ అంతే. ఆ నెలలోనే, మే నెల ఒక రాత్రి, ఒంటిగంటకి కరెంటు పోయింది. బుడగలు ఆగిపోయాయి. పగలు ఎండలో ప్రాణవాయువు వదిలే ఆ పచ్చనాచే, చీకటి పడితే తానూ దాన్ని పీల్చుకుంటుంది. తెల్లవారుజామున అత్తయ్యగారు లేపితే వెళ్ళి చూద్దును గదా, నాలుగు చేపలూ పైకొచ్చి నీటి అంచున నోళ్ళు పెట్టి ఎగపోస్తున్నాయి. ఏం చేయాలో తెలియక నేనూ మా అమ్మాయీ చెరో చెంబు పట్టుకుని తొట్టిలో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి తొట్టిలోకే పోస్తూ కూచున్నాం, కొబ్బరినీళ్ళు చల్లార్చినట్టు. ఆరింటికి కరెంటు వచ్చింది. ముగ్గురు బతికారు. పెదబాబు మాత్రం పక్కకి ఒరిగిపోయాడు.

ఆరోజు అత్తయ్యగారు అన్నం ముట్టలేదు. "ఇంత చేప కోసమా" అని మీరు నవ్వకండి. ఆవిడ ఆ పూట ఏడ్చింది చేప కోసమేనా అన్నది నాకూ అనుమానమే.

మర్నాడు మా అమ్మాయి ఎవరో స్నేహితురాలి దగ్గర నుంచి నీళ్ళు పరీక్షించే సీసాల పెట్టె తెచ్చింది. గొట్టంలో తొట్టి నీళ్ళు పోసి, రెండు మందుల చుక్కలు కలిపి, అయిదు నిమిషాలు ఆగమంది. నీలం రంగు వచ్చింది. నీలం ఎంత ముదిరితే నీళ్ళల్లో ఫాస్ఫేటు అంత ఎక్కువట. మా తొట్టి నీలం, పెట్టెతో ఇచ్చిన రంగుల కార్డు మీది ఆఖరి గడి కంటే ముదురుగా వుంది. లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపున వుంటే మేలట. కుళాయి నీళ్ళు పరీక్షిస్తే మాత్రం రంగే రాలేదు. అంటే వచ్చింది కుళాయిలోంచి కాదు.

"మేతలోంచి వచ్చిందమ్మా" అంది మా అమ్మాయి గొంతు తగ్గించి. "నాన్నమ్మకి నువ్వే చెప్పు."

అదిగో, అక్కడొచ్చింది చిక్కు. నేను చదివింది బి.ఏ. హిస్టరీ. ఫాస్ఫేటు అంటే ఏమిటో నాకే సరిగ్గా తెలియనప్పుడు, పుట్టెడు దుఃఖంలో వున్న మనిషికి 'మీ చెయ్యే తప్పు చేసింది' అని ఎలా చెప్పను? అందుకని నాకు చేతనైన దారినే వెళ్ళాను. అసలీ అద్దాల తొట్టి ఎవరు కనిపెట్టారు, ఆ ఫాస్ఫేటు ఎక్కణ్ణించి వచ్చింది అని చరిత్ర తవ్వడం మొదలుపెట్టాను.

తవ్వితే మొదట బయటపడింది ఒక కుట్టుపని చేసే అమ్మాయి! పేరు ఝాన్ విల్‌ప్రూ. 1794లో ఫ్రాన్సులో ఒక పల్లెలో పుట్టి, పారిస్ చేరి బట్టలు కుట్టేది. 1816లో ఒక రాజకుమారి పెళ్ళిగౌను కుట్టి పేరు తెచ్చుకుంది. పవర్ అనే వర్తకుణ్ణి పెళ్ళాడి సిసిలీ దీవిలో మెస్సీనా రేవుకి కాపురానికి వెళ్ళింది. ఆ సముద్రంలో ఆర్గోనాట్ అని ఒక ప్రాణి వుంది. దానికి కాగితమంత పల్చని గుల్ల. ఆ గుల్ల అది తానే కట్టుకుంటుందా, ఇంకొకరిది దొంగిలిస్తుందా అని పండితులంతా తగువులాడుకుంటున్నారు. ఈవిడ తగువులోకి దిగలేదు. 1832లో అద్దాల తొట్లు చేయించి, సముద్రపు నీళ్ళు పోసి, ఆ ప్రాణుల్ని పెంచి, రోజూ చూసి తేల్చింది: గుల్ల దాని సొంతమే. సూది కుట్లు లెక్కపెట్టిన కళ్ళు కదా, ఎందుకు తప్పుతాయి? ఆ తరువాత సామాను వేసి పంపిన ఓడ మునిగి, ఆవిడ సేకరించినవీ రాసుకున్నవీ చాలావరకు సముద్రం పాలయ్యాయి. అయినా అద్దాల తొట్టికి తల్లి ఆవిడేనని అప్పటి పెద్ద శాస్త్రజ్ఞులే ఒప్పుకున్నారు.

రెండో ఆవిడ కథ చదువుతుంటే నాకు చేతులు నొప్పెట్టాయి. లండనులో ఆనా థిన్ అనే ఇల్లాలు 1846లో సముద్రతీరానికి వెళ్ళి, పగడాల జాతి ప్రాణుల్ని చూసి ముచ్చటపడి, రాతిజాడీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. లండనులో సముద్రపు నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి? వున్న నీళ్ళే పాడవకుండా కాపాడుకోవాలి. అందుకని ఆ ఇంటి పనిమనిషి రోజూ అరగంట, ముప్పావుగంట తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, దాంట్లోంచి దీంట్లోకి పోస్తూ వుండేది, గాలి కలవడానికి! మేము చెంబులతో చేసింది సరిగ్గా అదే. ఇల్లాలి పేరు చరిత్రలో నిలిచింది. పనిమనిషి పేరు నాకు ఎక్కడా కనబడలేదు.

ఆ మరుసటేడు థిన్‌గారు తొట్టిలో సముద్రపు నాచు కూడా వేసింది. 1850లో వారింగ్టన్ అనే రసాయన పండితుడు లండనులోనే ఈ సంగతిని సూత్రంగా చెప్పాడు. ఆయన తొట్టిలోనూ బంగారు చేపలే. చేప వదిలిన ఊపిరిని మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలిన ప్రాణవాయువుని చేప తీసుకుంటుంది, కుళ్ళిన ఆకుల్ని నత్తలు తింటాయి. అంతా సమతూకం. ఇంకేముంది, ఇంగ్లండులో ఇంటింటా తొట్లు వెలిశాయి. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో జనం కోసం చేపల ఇల్లే కట్టారు.

వీళ్ళు ముగ్గురూ సరిచూసింది గాలి లెక్క. గాలి ఇచ్చిపుచ్చుకునే సరుకు. పైన మూతలేని తొట్టిలోకి రాగలదు, పోగలదు. కానీ ఇంట్లో నాలుగు నెలలు చెంచాలకొద్దీ పడిన మేతలో, రావడమే గాని పోవడం తెలియని సరుకు ఒకటి వుంది. దాని పేరు భాస్వరం. అది ప్రాణవాయువుతో కూడి నీళ్ళల్లో వుండే రూపమే ఫాస్ఫేటు.

భాస్వరం దొరికిన కథ మీరు భోజనానికి ముందు చదవకపోతే మంచిది. 1669లో హాంబర్గులో హెన్నిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం తయారుచేద్దామని బిందెలకొద్దీ మనుషుల మూత్రం పోగుచేసి, పులియబెట్టి, మరగబెట్టి, మరగబెట్టి... ఆ ఇంటి ఇల్లాలు ఎలా భరించిందో! చివరికి బంగారం రాలేదు. చీకట్లో వెలిగే మైనం లాంటి పదార్థం వచ్చింది. వెలుగు తెచ్చేది అని గ్రీకు మాటలతో పేరు పెట్టారు. మన భాస్వరం అన్న మాటకీ ప్రకాశించేది అనే అర్థం.

మన ఎముకల్లో వున్నది అదే, పళ్ళల్లో వున్నది అదే, గింజలో వున్నది అదే. అది లేనిదే మొక్క వేరు తొక్కదు. 1842లో ఇంగ్లండులో లాస్ అనే భూస్వామి ఎముకల్ని గంధకికామ్లంలో నానబెట్టి పైరుకి తొందరగా అందే ఎరువు చేసి హక్కు రాయించుకున్నాడు. అదే సూపర్ ఫాస్ఫేటు. దాంతో ఎముకలకి ఎంత గిరాకీ వచ్చిందంటే, యుద్ధభూముల్లో పాతిన ఎముకల్ని కూడా ఇంగ్లండు తవ్వి పట్టుకుపోతోందని జర్మనీ పండితుడు లీబిగ్ మండిపడ్డాడు. మన దక్షిణాదికి కూడా ఆ ఎరువు తొందరగానే వచ్చింది. 1906లోనే మద్రాసుకి పడమరగా రాణిపేటలో సూపర్ ఫాస్ఫేటు కర్మాగారం పెట్టారు. 1960లు దాటి కొత్త వరి వంగడాలు వచ్చేసరికి డెల్టాలో 'సూపర్ బస్తా' అన్న మాట తెలియని ఇల్లు లేదు.

ఇక్కడ మా అత్తయ్యగారు కథలోకి వచ్చారు. రాత్రి భోజనాలయ్యాక ఆవిడకి ఈ కథలు ఒక్కొక్కటే చెబుతుండేదాన్ని. బస్తాల దగ్గరికి వచ్చేసరికి, "బస్తాలు తరువాతమ్మాయ్. మా చిన్నప్పుడు మా నాన్న వేసవిలో పాటిమన్ను తోలించేవారు" అన్నారు.

పాటిమన్ను అంటే తెలుసు కదా? పూర్వం ఎప్పుడో ఊరు వుండి పాడైపోయిన చోట దిబ్బగా మిగిలిన మన్ను. వందల ఏళ్ళ పాటు జనం వండుకుని తిని పారేసిన బూడిద, ఎముకలు, పేడ, చెత్త అన్నీ మాగిన మట్టి. కృష్ణా తీరంలో అలాంటి దిబ్బలు ఎన్నో. రైతులు బళ్ళు కట్టి ఆ మన్ను పొలాలకి తోలుకునేవారు. చరిత్ర చదివినదాన్ని గనుక, ఆ దిబ్బల్లో ఎన్ని శాతవాహనుల నాటి కుండలు, నాణేలు బళ్ళెక్కి పోయాయో అని నా ప్రాణం ఉసూరుమంటుంది. అది వేరే సంగతి.

నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, 1920లలో స్వీడన్‌లో ఆలోఫ్ అరీనియస్ అనే ఆయన పొలాల్లో మట్టి పరీక్షలు చేస్తూ ఒక వింత గమనించాడు. పూర్వం జనావాసాలున్న చోటల్లా మట్టిలో ఫాస్ఫేటు ఎక్కువగా వుంది. ఇళ్ళు కూలాయి, కర్రలు పుచ్చాయి, పేర్లు కూడా మిగల్లేదు. మనుషులు తిని వదిలిన భాస్వరం మాత్రం ఎక్కడికీ పోలేదు! అప్పణ్ణించీ పురాతత్వశాస్త్రజ్ఞులు పాత ఊళ్ళ జాడ కనిపెట్టడానికి ఆ పరీక్ష చేస్తున్నారు. మా అత్తయ్యగారి తండ్రిగారికి ఏ పరీక్షా అవసరం లేకుండానే ఆ సంగతి తెలుసన్నమాట.

ఎందుకు పోదు? నత్రజని అయితే కంటికి కనబడని సూక్ష్మజీవుల చేతుల్లో పడి మళ్ళీ గాలిగా మారి కొంత ఎగిరిపోతుంది. భాస్వరానికి ఆ దారి దాదాపు లేదు. భోజనానికి పిలిస్తే వచ్చి పడక వేసిన చుట్టం లాంటిది. మనం పెట్టె సర్ది, రిక్షా పిలిచి, బస్సెక్కించి వస్తే తప్ప కదలదు.

నీళ్ళల్లో అది చేరితే ఏమవుతుందో కళ్ళకి కట్టినట్టు చూపించింది కెనడావాళ్ళు. 1960లలో అమెరికా కెనడాల మధ్య వున్న ఈరీ అనే సముద్రమంత సరస్సు పచ్చగా నాచు పట్టి కంపు కొట్టసాగింది. ఊళ్ళ మురుగు, పొలాల ఎరువు, పైగా బట్టలుతికే పొడుల్లో కలిపే ఫాస్ఫేటు. 1972లో రెండు దేశాలూ ఫాస్ఫేటు తగ్గించుకుందామని ఒప్పందం రాసుకున్నాయి. కానీ సబ్బుపొడి వ్యాపారుల పక్షాన, తప్పు ఫాస్ఫేటుది కాదు, కర్బనానిది అనే వాదం బలంగానే వుండేది. అప్పుడు షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడి బృందం 1973లో అడవిలో 226 అని నంబరు మాత్రమే వున్న చిన్న సరస్సుని ఎంచుకుంది. దానికి నడుమ అడ్డంగా తెర కట్టారు. ఒక సగంలో కర్బనం, నత్రజని కలిపారు. రెండో సగంలో ఆ రెండూ వేసి భాస్వరం కూడా కలిపారు. కొద్ది వారాల్లో రెండో సగం పచ్చటి చిక్కటి నాచయిపోయింది. మొదటి సగం మామూలుగానే వుంది. విమానంలోంచి తీసిన ఆ ఫోటో చూశాక ఇక వాదించడానికేముంది?

ఫోటో చూపిస్తే అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా, "మా కొల్లేరు కూడా ఇలాగే అయింది" అన్నారు.

కొల్లేరు గురించి మనకి 'కొల్లేటి చాంతాడు' అన్న సామెత తెలిసినంతగా కొల్లేరు తెలియదు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పళ్ళెంలా వున్న పల్లంలో నిలిచిన మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి. నీళ్ళు ఉప్పుటేరు దారిన సముద్రానికి పోతాయి. 634 నాటి ఐహోళె శాసనంలో రెండో పులకేశి యుద్ధం చేసిన కునాల జలం ఇదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. 1855లో విజయవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయ్యాక కాలువలూ, పంట మురుగు బోదెలూ వచ్చాయి. పొలంలో మిగిలిన నీళ్ళు పల్లానికే కదా పోతాయి. బస్తా ఎరువుల కాలం వచ్చాక ఆ నీళ్ళతో పాటు ఎరువూ పల్లానికే పోయింది.

1970లు, 80లలో కొల్లేటి నిండా చేపల చెరువులు లేచాయి. ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. నాకు శత్రువైన ఫాస్ఫేటు ఆ చెరువుల రైతుకి మిత్రుడు. నీళ్ళు పచ్చగా వుంటేనే బొచ్చె, శీలావతి పెరుగుతాయి. అందుకని సూపర్, పేడ, కోళ్ళ ఎరువు వేసి మరీ నీళ్ళని పచ్చబరుస్తారు. పైగా తవుడు, చెక్క. చిల్లులు పొడిచిన తవుడు సంచుల్ని తాళ్ళకి వరసగా వేలాడదీస్తే చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. ఆ చేపలు ఐసు లారీలెక్కి హౌరా దాకా వెళతాయి. ఎన్నో కుటుంబాలు వాటి మీద బతికాయి, పిల్లల్ని చదివించుకున్నాయి. తప్పు పట్టడానికి నేనెవర్ని? నా ఇంట్లో అరవై లీటర్ల నీళ్ళనే సరిపెట్టుకోలేకపోయినదాన్ని.

కానీ లెక్క లెక్కే. లారీలెక్కిన చేపల ఒంట్లో కొంత భాస్వరం బయటికి పోతుంది. మిగిలింది బురదలో దిగుతుంది. 1941-42లో ఇంగ్లండులో మార్టిమర్ అనే శాస్త్రజ్ఞుడు ఇంకో సంగతి చూపించాడు. అడుగున ప్రాణవాయువు వున్నంతకాలం బురదలోని ఇనుము ఫాస్ఫేటుని పట్టుకుని వుంచుతుంది. ప్రాణవాయువు అయిపోయిందా, పట్టు వదిలేస్తుంది. అడుగున దాగిన పాత బాకీ మళ్ళీ పైకి తేలుతుంది. అంటే ఇవాళ వేయడం మానేసినా రేపే నీళ్ళు తేటపడవు.

1999లో కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల్లో చేర్చారు. 2006లో యంత్రాలు తెచ్చి చెరువు గట్లు తెగగొట్టారు. ఆటపాకలో గూడబాతుల్ని చూడటానికి జనం వెళుతూ వుంటారు. తెగ్గొట్టిన గట్లు తరువాతి ఏళ్ళలో చాలాచోట్ల మళ్ళీ లేచాయి. నీళ్ళ మీద గుర్రపు డెక్క పరుచుకుంటూనే వుంది.

ఇదంతా చదువుతూ నేను దూరం నుంచి జాలిపడుతున్నట్టు కూచున్నాను. ఇంతలో 2024 సెప్టెంబరు గుర్తొచ్చింది. బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళల్లోకి పీకల్లోతు వచ్చిన ఆ రోజులు ఈ ఊళ్ళో ఎవరు మరిచిపోతారు? అప్పటిదాకా బుడమేరు అంటే మాకు ఊరవతల మురుక్కాలవ. విజయవాడ మురుగు కొంత అందులోనే కలుస్తుంది. అది వెళ్ళేది కొల్లేటికే. అత్తయ్యగారు కొల్లేటి నుంచి మా ఊరొస్తే, మా ఊరి అంట్లు తోమిన నీళ్ళూ, బట్టలు జాడించిన నీళ్ళూ అత్తయ్యగారి ఊరు వెళుతున్నాయి. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదేనేమో!

"మీ అందరి మేతా మా ఊళ్ళోకే వచ్చి పడిందన్నమాట" అన్నారావిడ. కాసేపాగి, తొట్టి వంక చూస్తూ, "నేనూ అంతేగా చేశాను" అన్నారు.

నేను వారం రోజులుగా ఎలా చెప్పాలా అని మథనపడిన మాట ఆవిడే అనేశారు. నేనేమీ అనలేదు.

కాసేపటికి ఆవిడే మళ్ళీ అన్నారు. "మా ఊళ్ళో వేసవిలో చెరువు ఎండితే అడుగు మన్ను తీసి పొలాలకి తోలేవాళ్ళు. చెరువూ లోతయ్యేది, పొలమూ బలిసేది. దీనికీ తోలాలి కదూ?"

ఎంత పెద్ద మాట! పొలంలోంచి వాన కడిగి తెచ్చింది చెరువు అడుగున చేరుతుంది. దాన్ని ఎత్తి మళ్ళీ పొలానికి చేర్చేవాళ్ళు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీయించి ఆ మన్ను రైతుల్ని తోలుకోమన్నదీ ఈ పాత పద్ధతే. చుట్టాన్ని బస్సెక్కించడం మనవాళ్ళకి ఎప్పణ్ణించో తెలుసు. మధ్యలో మరిచిపోయాం.

సరే, మా తొట్టికి ఏం తోలామో చెబుతాను, మీ ఇంట్లోనూ తొట్టి వుంటే పనికొస్తుంది. మా అమ్మాయి కాగితం మీద లెక్క వేసింది. మేతలో నూటికి ఒక పాలు భాస్వరం అనుకుంటే, గ్రాము మేతలో పది మిల్లీగ్రాములు. అది ఫాస్ఫేటు రూపంలో సుమారు ముప్ఫై. అంతా నీళ్ళల్లోకి చేరితే అరవై లీటర్లలో లీటరుకి అర మిల్లీగ్రాము. అంటే రెండు గ్రాముల మేతతో లీటరుకి ఒక మిల్లీగ్రాము అన్న హద్దుకి చేరిపోతాం. అత్తయ్యగారి చెంచాలు రోజుకెన్నో మీరే లెక్కపెట్టుకోండి.

కనుక ముందు మేత తగ్గించాం. పూటకి రెండు నిమిషాల్లో చేపలు తినేయగలిగినంతే. రెండోది, వారానికోసారి పావు వంతు నీళ్ళు తీసి, క్లోరిన్ పోయేలా నిలవుంచిన కుళాయి నీళ్ళు పోయడం. తీసేటప్పుడు గొట్టంతో అడుగు రాళ్ళ మధ్యనున్న మడ్డి కూడా పీల్చేయాలి. లీటరుకి నాలుగు మిల్లీగ్రాములు వుందనుకోండి, కొత్తది చేరకపోతే మొదటి వారానికి మూడు, తరువాత రెండుంపావు. అలా అయిదో వారానికి గాని ఒకటి లోపుకి రాదు. అప్పు తీర్చడం లాంటిదే, ఓపిక కావాలి. మూడోది, మోటారులోని దూదిని మరిచిపోకూడదు. దానికి పట్టిన మురికి కళ్ళకి కనబడదు గాని తొట్టిలో వున్నట్టే. దాన్ని తీసేసిన తొట్టి నీళ్ళతోనే పిండాలి. కుళాయి కింద పెడితే అందులోని మంచి సూక్ష్మజీవులు చస్తాయి. నాలుగోది, జోరుగా పెరిగే హైడ్రిల్లా మొక్క నాలుగు రెమ్మలు వేశాం. అది ఫాస్ఫేటు తాగి పెరుగుతుంది. పెరిగింది తుంచి బయట పారేస్తేనే లాభం. వదిలేస్తే కుళ్ళి మొదటికొస్తుంది.

బయట అంటే ఎక్కడ? అత్తయ్యగారు బాల్కనీలో కుండీలో జాజితీగ పెట్టించారు. తీసిన నీళ్ళు, మడ్డి, తుంచిన నాచు అన్నీ దాని మొదట్లోకే. ఆరో వారం పరీక్షకి గొట్టంలో నీలం లేత ఆకాశం రంగులోకి దిగింది. జాజి మొగ్గ తొడిగింది.

అయినా నాకొక బెంగ వుండేది. మేత తగ్గిస్తే ఆవిడకి ఆ చేపలతో వున్న కాస్త సంబంధమూ తగ్గిపోదా? పగలల్లా ఆవిడకి అదేగా పని. ఒక మధ్యాహ్నం గదిలోంచి తొంగిచూశాను. ఆవిడ స్టూలు మీద కూచుని తొట్టికి అరచెయ్యి ఆనించి చిట్టెమ్మతో ఏదో చెబుతున్నారు. చేతిలో చెంచా లేదు. మూడు చేపలూ ఆ చేతి దగ్గరే వున్నాయి.

నన్ను చూసి, "వట్టి చెయ్యి పెట్టినా వస్తున్నాయమ్మాయ్" అన్నారు.

తరువాత, నా మొహం చూడకుండా, "ఈ తొట్టికి జాజిపాదు దొరికింది. మా కొల్లేటి అడుగు ఎవరు తోలతారో, ఏ పొలానికి తోలతారో" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. వంటింట్లోకి వెళ్ళి, అంట్ల దగ్గర పెట్టిన పొడి డబ్బా తీసి, అందులో ఏమేం కలిపారో మొదటిసారి చదవడానికి కళ్ళజోడు వెతుక్కున్నాను.